ఐదిండ్ల గుడ్డతో కుట్టిన అంగీ

మొన్నామధ్య మా మనవరాలు తను కుట్టు నేర్చుకునే చోటికి నన్ను వెంటబెట్టుకుపోయింది. మిషన్ల మధ్య కుర్చీ వేసి కూర్చోబెట్టారు. ఒక పిల్ల లేచి నిలబడి, "అవ్వా, కుట్టుపనిల అన్నిటికన్న కష్టమైంది ఏంది?" అని అడిగింది. రవికకు చంక కత్తిరించడం అని చెప్పాను. అందరూ బుద్ధిగా రాసుకున్నారు. నేను చెప్పింది అబద్ధం కాదు, కానీ నిజమంతా అక్కడ లేదు. ఇంటికి వచ్చాక నా మీద నాకే కోపం వచ్చింది. అంతమంది పిల్లలు అడిగితే చంక గురించి చెప్పి వస్తానా? అందుకే రాస్తున్నాను. నాకు రాత అంత బాగా రాదు. మనవరాలు తప్పులు దిద్దుతానంది, దిద్దనీ. మాటలు మాత్రం మార్చొద్దన్నాను.

అత్తమ్మ దగ్గర మొదటి పాఠం

నేను జడ్చర్లకు కాపురానికి వచ్చేనాటికి నాకు పదహారేళ్ళు. నిజాం రాజ్యం పోయి ఐదారేళ్ళయింది. మా ఆయన పల్లికాయ మిల్లులో కాటా దగ్గర పనిచేసేవాడు. మా అత్తమ్మ బాలమ్మ ఇంట్లో బొంతలు కుట్టేది. చుట్టుపక్కల ఊళ్ళ వాళ్ళు పాత చీరలు మూటగట్టి తెచ్చి ఆమె ముందు పడేసి పోయేవారు. నెల తిరిగేసరికి బొంత మడతబెట్టి ఇచ్చేది.

ఆమె కుట్టేది చూస్తే పనిచేస్తున్నట్టే ఉండేది కాదు. అలికిన నేల మీద చీరలు ఒకదాని మీద ఒకటి పరిచి, నాలుగు మూలలా నాలుగు రాళ్ళు పెట్టి, అంచు నుంచి లోపలికి కుట్టుకుంటూ పోయేది. పక్కింటివాళ్ళతో ముచ్చట ఆగేది కాదు, సూది ఆగేది కాదు. నాకు సూది ఇచ్చిన మొదటి రోజు ఒక మూర పొడుగున కుట్టి గర్వంగా చూపించాను. వేలితో ఒక్క గుంజు గుంజింది. దారమంతా ఊడి చేతికొచ్చింది.

"ఏమాయె అత్తమ్మా, సక్కగనే ఉన్నది గద?" అన్నాను.

"సక్కగున్నదే పిల్లా. గోడకు తలిగేస్తవా, పండుకుంటవా దీని మీద?"

మనిషి పడుకుంటే బరువు ఎక్కడ పడుతుందో అక్కడ కుట్లు దగ్గర దగ్గరగా రావాలని అప్పుడు చెప్పింది. నడుము దగ్గర, భుజాల దగ్గర. కాళ్ళ వైపు కాస్త దూరమైనా ఫికర్ లేదు. పసిపిల్లలు పడుకునే బొంత అయితే లెక్కే వేరు, ముడి ఎక్కడా పైకి తగలకూడదు. ఆ ఏడాదంతా నేను కుట్టింది కుట్టినట్టే విప్పించింది. నాకు ఏడుపొచ్చేది, ఆమెకు నవ్వొచ్చేది. ఓర్పు ఉన్నదని నన్ను మెచ్చుకునేవాళ్ళు ఈ రోజుకూ ఉన్నారు. ఆ ఓర్పు నాది కాదు, మా అత్తమ్మ విప్పించి విప్పించి పట్టించింది.

పిల్లలూ, మీకు ఇప్పుడు బొమ్మలు చూసి కుట్టడం వస్తోంది. మంచిదే. కానీ కుట్టిన గుడ్డ మీద మనిషి కూర్చుంటాడు, వంగుతాడు, బరువు మోస్తాడు, పిల్లను చంకనేసుకుంటాడు. అద్దం ముందు నిలబడే మనిషి కోసం కుట్టే వాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

గఫూర్ సాబ్

మిషన్ నేర్పింది గఫూర్ సాబ్. బజార్లో ఆయన దుకాణం ఉండేది. వెనకటి రోజుల్లో పెద్ద పెద్దవాళ్ళకు షేర్వాణీలు కుట్టిన చెయ్యి. నేను వెళ్ళేనాటికి బడిపంతుళ్ళ చొక్కాలు, లాగులు కుట్టుకుంటున్నాడు. మా ఆయన పోయి, "మా ఇంటామెకు జర మిషన్ నేర్పుండ్రి సాబ్" అని అడిగాడు. ఆడపిల్ల దర్జీ దగ్గరికి పోవడమేమిటని మా వాడలో గుసగుసలు లేచాయి. మా ఆయన చెవిన పెట్టలేదు. దుకాణంలో కాకుండా వాళ్ళ ఇంటి లోపలి వాకిట్లో, ఆయన భార్య పక్కన కూర్చుని ఉండగా, చేతి మిషన్ మీద నేర్పాడు.

మొదటి నెల దారం ఇవ్వలేదు. పాత పేపర్ మీద గీతలు గీసి ఆ గీతల మీదే సూది నడిపించమన్నాడు. నాకు మహా విసుగు. బొంతలు కుట్టిన దాన్ని, కాగితాలు పొడుచుకుంటూ కూర్చోవడమేమిటని మొహం మాడ్చుకునేదాన్ని. ఆయన గడ్డం నిమురుకుంటూ, "కాగజ్ చిరగకుండ కుట్టు బేటీ, గప్పుడు గుడ్డ ఇస్త" అనేవాడు.

ఆయన దగ్గరే నా మొదటి పెద్ద తప్పు జరిగింది. ఒక పంతులుగారి చొక్కాకు లట్ఠా గుడ్డ వచ్చింది. తడపకుండా కత్తిరించేశాను. కుట్టినప్పుడు బాగానే ఉంది. ఒక్కసారి ఉతికాక చేతులు మోచేతి దాకా వచ్చాయట. పంతులుగారు దుకాణానికి వచ్చి అరిచి పోయాడు. సాబ్ సర్దిచెప్పి పంపిస్తాడులే అనుకున్నాను. ఆయన మర్నాడు నన్ను పిలిచి, "నా పేరు చాటున ఎందుకు తప్పించుకుంటవ్? తప్పు నీ చేతిది. నువ్వే పోయి చెప్పు" అన్నాడు.

"నాకు భయమైతాంది సాబ్."

"కుట్టు తప్పయితే ఇప్పుతం గద? నోరు గూడ గట్లనే ఇప్పాలె. పో."

పోయాను. పంతులుగారి భార్య ముందు నిలబడి, గుడ్డ తడపడం మరిచిపోయానని చెప్పాను. ఆమె నవ్వి, ఆ చొక్కాను కొడుక్కి చిన్నగా చేసి ఇమ్మంది. ఆ తర్వాత పదేళ్ళు వాళ్ళింటి కుట్టంతా నాకే వచ్చింది. ఆ రోజు నేర్చుకున్నది పూర్తిగా తలకెక్కలేదని మాత్రం తర్వాత తెలిసింది.

మా ఇంటి అరుగు

మా ఆయన ఎక్కడో పాత చేతి మిషన్ ఒకటి సంపాదించి తెచ్చాక ఇంటి దగ్గరే మొదలుపెట్టాను. ఆదివారం సంతకు వచ్చినవాళ్ళంతా మా అరుగు మీద ఒక ఘడియ కూర్చునే పోయేవారు. రవికలు, పసిపిల్లల అంగీలు, తలకు పెట్టే కుల్లలు, గొర్లకాపరుల ఆకువక్క సంచులు, మూటలు మోసేవాళ్ళకు తలమీది చుట్టకుదుళ్ళు. ఏది అడిగితే అది. మిగిలిన ముక్కలతో ఇంట్లో వాళ్ళకు కుట్టేదాన్ని. మా ఆయనకు ఒకసారి నాలుగు రంగుల ముక్కలు కలిపి బనీను కుట్టాను. జేబు ఎర్రది, వీపు పచ్చది. వేసుకోడనుకున్నాను. మిల్లులో అందరికీ తిరిగి తిరిగి చూపించుకొచ్చాడు.

ఆ రోజుల్లో ఆడవాళ్ళు టేపు పెట్టనిచ్చేవారు కాదు. సిగ్గు. ఆది రవిక ఒకటి పడేసి, దీని లాగే కుట్టమనేవారు. ఆ ఆది రవికలతో నేను పడిన తిప్పలు చెప్పితే ఒక పుస్తకం అవుతుంది. ఒకామె పెళ్ళినాటి రవిక తెచ్చి ఇచ్చింది. అప్పటికి ఆమెకు నలుగురు పిల్లలు.

"అక్కా, గిది నీకు పడ్తదా?" అన్నాను మెల్లగా.

"పడకపోతె మరి! నేనేమన్న మారిన్నా?" అని గుడ్లురిమింది.

నేను ఆమె కట్టూబొట్టూ చూస్తున్నట్టు చూస్తూ కంటితోనే కొలిచి, నాలుగు వేళ్ళు పెంచి కుట్టాను. వేసుకుని చూసుకుని, "సూసినవా, గప్పటి లెక్కనే ఉన్న" అంటూ సంతోషంగా పోయింది. ఇలాంటి అబద్ధాలు కుట్టుపనిలో ఉంటాయి. వీటికి పాపం లేదని నా లెక్క.

ఇక్కడ నా సొంత సంగతి ఒకటి చెప్పాలి. చెప్పకపోతే తర్వాతది అర్థం కాదు. పద్దెనిమిదో ఏట నాకు కొడుకు పుట్టాడు. పుట్టకముందు పిల్లలకు ఏదీ కుట్టకూడదని మా దగ్గర పట్టింపు. కానీ నాకు ఆశ ఆగలేదు. గజమున్నర తెల్ల మలుమలు కొని, కుట్టకుండా మడతబెట్టి పెట్టె అడుగున దాచాను. ఇరవై ఒకటో రోజు తొట్టెలలో వేసేటప్పుడు దాంతో అంగీ కుట్టి వెయ్యాలని. వాడు పదకొండు రోజులే ఉన్నాడు. తర్వాత అత్తమ్మ పురుటి గుడ్డలన్నీ తీసి పారేసింది. మలుమలు సంగతి ఆమెకు తెలుసు, అది కూడా పారేయమంది. పారేశానని చెప్పాను. పారేయలేదు.

మల్లమ్మ తెచ్చిన మూట

రెండేళ్ళు గడిచాయి. అప్పటికి నా చేతికి మంచి పేరు వచ్చింది. పేరుతో పాటు కొంచెం పొగరు కూడా. అత్తమ్మ బొంతలంటే లోపల్లోపల చిన్నచూపు. మిషన్ మీద నిమిషంలో అయ్యేదానికి నెల రోజులు నేల మీద కూర్చుంటుందేమిటి అనుకునేదాన్ని.

మూడు కోసుల దూరాన ఒక గొర్లకాపర్ల పల్లె ఉండేది. అక్కడి నుంచి మల్లమ్మ అనే ముసలామె వచ్చింది. కండ్లకు పొరలు కమ్మాయి, చేతికర్ర పట్టుకుని తడుముకుంటూ నడిచేది. ఆమె కోడలు లచ్చమ్మకు ఇంతకుముందు ఇద్దరు పుట్టి, ఇద్దరూ తొట్టెల ఎక్కకుండానే పోయారు. ఇప్పుడు ఆడపిల్ల పుట్టింది. పదిహేడు రోజులు దాటాయి.

పిల్లలు దక్కని ఇంట్లో మా వైపు ఒక ఆచారం ఉంది. నాయినమ్మ ఐదిండ్లకు పోయి, కొంగు పట్టి పాత గుడ్డలు బిచ్చమడుగుతుంది. ఆ ఐదు ముక్కలతో కుట్టిన అంగీ వేసి పిల్లను తొట్టెలలో వేస్తారు. ఈ పిల్ల మాది కాదు, బిచ్చమెత్తి తెచ్చుకున్నది అని చెప్పినట్టు. అప్పుడు కీడు ఆ పిల్ల జోలికి రాదని నమ్మకం. బిచ్చమ్మ, బిచ్చయ్య అని పేర్లు అందుకే పెడతారు. నమ్ముతావా అని నన్నడగకండి. ఇద్దరు పిల్లలను మట్టిలో పెట్టిన ఇల్లు దేన్ని పట్టుకుని నిలబడుతుందో పక్కనుండి మనం చెప్పలేం.

"ఐదిండ్ల గుడ్డ బిడ్డా. రేపు అచ్చి పట్టుకపోత. ఆవలెల్లుండి తొట్టెల" అని మూట నా ఒడిలో పెట్టింది మల్లమ్మ.

మూట విప్పితే నా మొహం ముడుచుకుపోయింది. ఒకటి తలపాగా చింపు, ఒకటి ఎర్రచీర అంచు, రెండు నేత గుడ్డలు, ఐదోది మరీ పాతది, ఉతికి ఉతికి రంగు వెలిసి తెల్లగా అయిపోయిన చీర ముక్క. చేత్తో పట్టుకుంటే అవతలి వేళ్ళు కనిపించాయి. సరే, రొమ్ము మీదికి అది పెడదామని మిషన్ కింద పెట్టి చక్రం తిప్పాను. సూది పోట్లకు అది పర్రున చిరిగింది. మళ్ళీ మడిచి పెట్టాను. మళ్ళీ చిరిగింది.

అప్పుడు నా చెయ్యి నన్నడగకుండానే పెట్టె దగ్గరికి పోయింది. పసిపిల్ల రొమ్ము మీదికి మెత్తటి గుడ్డ ఉండాలి కదా, ఈ చింపులు ఒరుసుకుంటాయి కదా అని నాకు నేను చెప్పుకున్నాను. నిజం చెప్పాలంటే, ఆ మలుమలు ఒక పిల్ల ఒంటి మీద చూసుకోవాలని ఉంది నాకు. జానెడు ముక్క కత్తిరించి రొమ్ము దగ్గర వేశాను. మెడకు సన్నగా మడత పెట్టి కుట్టాను. అంత అందమైన పసి అంగీ అంతకుముందు నేను కుట్టలేదు. చిరిగిన పాత ముక్కను మిషన్ నూనె తుడిచే గుడ్డల్లో పడేశాను.

కండ్లకద్దుకున్నది

చెప్పిన రోజుకు మల్లమ్మ వచ్చింది. అంగీని ఒడిలో పెట్టుకుని వేళ్ళతో తడిమింది. కుట్టు కుట్టుకూ వేలు ఆపి తడిమింది.

"గీండ్ల రాజవ్వ ముక్క ఏది బిడ్డా?"

"ఏ రాజవ్వ అవ్వా?"

"షాద్‌నగర్ దిక్కు ఉంటది. తొమ్మిదిమందిని కన్నది, తొమ్మిదిమంది బతికిన్రు. ఒక్కరు గూడ పోలె. గామె కోసం రెండు రోజులు నడిచిన. నేను పోంగనె ఒంటి మీద చీర కొంగు చించిచ్చింది మహాతల్లి. మిగిల్న నాలుగు ఏడ దొరికినా దొర్కుతయి. గా ఒక్క ముక్కే నాకు పాణం."

నూనె గుడ్డల బుట్ట ఆమె కాళ్ళ పక్కనే ఉంది. గఫూర్ సాబ్ చెప్పింది, పంతులుగారి చొక్కా, ఏదీ గుర్తుకు రాలేదు. ఆమె చెయ్యి పట్టుకుని మలుమలు మీద పెట్టాను.

"గిదే అవ్వా" అన్నాను.

ఆమె దాన్ని వేళ్ళతో నిమిరి నిమిరి మురిసిపోయింది. "ఎంత మెత్తగున్నది! తొమ్మిదిమంది పండుకున్న గుడ్డ గద, మెత్తగ గాక ఎట్లుంటది" అని దాన్ని రెండు కండ్లకూ అద్దుకుంది. అంగీని నడుమున దోపుకుని, నన్ను దీవించి పోయింది.

అత్తమ్మ వాకిట్లో పెసలు చెరుగుతూ అంతా చూసింది. మల్లమ్మ వీధి మలుపు తిరిగేదాకా ఆగి, చేట పక్కన పెట్టి లోపలికి వచ్చింది.

"గా మలుమలు ఏడిదే?"

నేను నేల మీది దారప్పోగులు ఏరసాగాను.

"పారేసిన అన్నవు."

అప్పుడు ఏడ్చాను. కొడుకు పోయినప్పుడు కూడా అత్తమ్మ ముందు అంత ఏడవలేదు. ఆమె నన్ను తిట్టలేదు. పక్కన కూర్చుని, "గా గుడ్డ తలిగితె పిల్లకు ఏమన్న అయితదో కాదో నాకు తెల్వదు. ఏం గాకపోవచ్చు. గని ఒకవేళ గా పిల్లకు రేపు జరమొచ్చినా, నువ్వు ఏమనుకుంటవో నాకు ఎరుకే" అంది.

నాకూ ఎరుకే. ఆ పిల్ల దగ్గినా తుమ్మినా అది నా చేతి నుంచే అనుకుంటాను. పోయి చెప్పితే? కాపర్ల పల్లెలన్నీ మా అరుగు ఎక్కడం మానేస్తాయి. సచ్చిన పిల్లగాని గుడ్డ బతికిన పిల్లకు కుట్టింది అంటారు. అన్నా తప్పులేదు, నేను చేసింది అదే. మా ఆయన వచ్చి విన్నాడు. గోడకు ఆనుకుని నిలబడి, "అది ఇంక ఉన్నదని నాకు గూడ చెప్పకపోతివి" అన్నాడు. అంతే. ఆ మాట నన్ను ఇంకా ఎక్కువ కోసింది.

దారం మోసిన గుడ్డ

బుట్టలోంచి రాజవ్వ ముక్కను వెతికి తీశాను. దానికి నడుమ పెద్ద నూనె మరక. కుంకుడు రసంలో నానబెట్టి, ఉడుకు నీళ్ళు పోసి, అరచేతుల మధ్య పిల్లకు నీళ్ళు పోసినట్టు మెల్లగా ఉతికాను. మరక వెలిసింది గానీ పోలేదు. ఆరేసరికి చిరుగులు ఇంకా పెద్దవయ్యాయి. దీన్ని మళ్ళీ మిషన్ కింద పెట్టడమంటే లేకుండా చేసుకోవడమే.

అత్తమ్మ ఆ ముక్కను నేల మీద పరిచింది. బొంతకు పరిచినట్టే. మిగిలిన నాలుగిండ్ల గుడ్డల్లో చిన్న చిన్న కత్తిరింపులు నా దగ్గర ఉన్నాయి. వాటిని దాని కింద పేర్చింది. సూదికి సన్నదారం ఎక్కించి నా చేతికిచ్చింది.

"దగ్గర దగ్గర కుట్టు. బియ్యపు గింజంత గూడ ఎడం ఇయ్యకు. గుడ్డ మొయ్యలేనప్పుడు దారం మొయ్యాలె."

మిషన్ పక్కకు జరిపి, నేల మీద కూర్చుని, పొద్దున మొదలుపెట్టిన దాన్ని సాయంత్రం దాకా కుట్టాను. జానెడు గుడ్డకు అంతసేపు. అత్తమ్మను నేను ఎంత చిన్నచూపు చూశానో ఆ రోజంతా నాకు తెలుస్తూనే ఉంది. ఆమెకు కూడా తెలిసే ఉంటుంది. దారం అయిపోయినప్పుడల్లా సూదికి ఎక్కించి ఇచ్చింది.

తొట్టెల నాడు తెల్లవారాక అత్తమ్మా నేనూ నడిచి పోయాం. రాళ్ళ గుట్టలు, సీతాఫలం పొదలు, జొన్నచేలు. దారంతా నేను ఏం చెప్పాలో కూర్చుకుంటూనే ఉన్నాను. ఆ ఇంటి ముందు గొర్రెల దొడ్డి. లోపల ఆడవాళ్ళు నిండి ఉన్నారు. దూలానికి తొట్టెల కట్టి ఉంది. మూలన లచ్చమ్మ పిల్లను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది, నా ఈడుదే. అంగీ ఇంకా వెయ్యలేదు, పక్కన పసుపుబియ్యం మీద పెట్టి ఉంది.

మల్లమ్మ నా గొంతు గుర్తుపట్టి, "అచ్చినవా బిడ్డా, మంచి పని జేసినవ్" అంది. నేను కూర్చుకున్న మాటలన్నీ ఎక్కడికో పోయాయి. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. రాజవ్వ ముక్క చిరిగిందని, నూనెగుడ్డల్లో పడేశానని, నువ్వు కండ్లకద్దుకున్నది అది కాదని. ఆ మలుమలు ఎవరి కోసం కొన్నానో కూడా చెప్పాను.

మల్లమ్మ కర్ర నేలకేసి కొట్టింది.

"నా కండ్లు కానరావని గింత మోసమా! సచ్చిన పిల్లగాని గుడ్డ తెచ్చి నా మనుమరాలి రొమ్ము మీద పెడ్తివా! రెండు రోజులు నడిచిన గదనే! నా కాళ్ళు బొబ్బలెక్కినయి గదనే!"

ఆడవాళ్ళు తలా ఒక మాట అన్నారు. అవి రాయను. వాళ్ళ జాగాలో నేనున్నా అనేదాన్ని. అత్తమ్మ నా పక్కన నిలబడే ఉంది, ఒక్క అడుగు కూడా పక్కకు జరగలేదు.

"అత్తా, జర ఆగు" అంది లచ్చమ్మ. గొంతు పెద్దగా లేదు గానీ అందరూ ఆగారు. నా వైపు చూసింది.

"ఎన్ని రోజులుండె?"

"పదకొండు."

"ఆడపిల్లనా?"

"పిల్లగాడు."

"పేరేంది?"

"పెట్టలె. తొట్టెల దాక రాలె గద."

ఆమె ఒళ్ళోని పిల్లను చూసుకుంది. "కూసో. నా ముందల ఇప్పి, నా ముందలనే కుట్టు" అంది.

కూర్చున్నాను. అందరూ చూస్తుండగా మలుమలు ముక్కను కుట్టు కుట్టుగా విప్పాను. సూది రెండుసార్లు వేలికి గుచ్చుకుంది. ఆ ముక్క ఊడి వచ్చినప్పుడు దాన్ని నా రవికలో దోపుకున్నాను. రాజవ్వ ముక్కను దాని జాగాలో పెట్టి చేత్తో కుట్టాను. సగం కుట్టేసరికి మల్లమ్మ వచ్చి పక్కన చతికిలబడింది. చెయ్యి చాచి గుడ్డను తడిమింది. గరుకుగా, గట్టిగా, కుట్లు కుట్లుగా తగిలింది.

"గిదేనా? నిజంగ గిదేనా?"

"గిదే అవ్వా. నూనె మరక పోలె."

"పోకుంటె పోనియ్యి" అంది. కోపం తగ్గలేదు, కానీ చెయ్యి మాత్రం ఆ ముక్క మీది నుంచి తియ్యలేదు. ఆమె వేళ్ళ పక్క నుంచే సూది తిప్పుకుంటూ ముగించాను.

అంగీ తొడిగితే పిల్ల ఇల్లెగిరిపోయేలా ఏడ్చింది. ఆ ఏడుపుకు అందరూ నవ్వారు. "బిచ్చమ్మా, బిచ్చమ్మా" అని తొట్టెలలో వేసి ఊపారు. చూడ్డానికి ఆ అంగీ అడ్డదిడ్డంగా ఉంది, రొమ్ము మీద మరక. మీరు చూస్తే నా చేతిది అనరు. కుట్టినవాళ్ళకు నచ్చడం కోసం గుడ్డ మన దగ్గరికి రాదు. తెచ్చినవాళ్ళకు అందులో ఏ పోగు ప్రాణమో అడిగి తెలుసుకున్నాకే కత్తెర పట్టుకోవాలి. ఇది ఎవరూ నేర్పలేదు నాకు, ఇలా నేర్చుకున్నాను.

మేము బయల్దేరుతుంటే లచ్చమ్మ పిల్లను అత్తకిచ్చి, దొడ్డి వెనకకు నన్ను పిలిచింది. నడుము దగ్గర దోపుకున్న చిన్న మూట తీసింది. అందులో ఒక పసి కుల్ల, చెయ్యెడంత అంగీ.

"నా ఇద్దరివి" అంది. "మా అత్త అన్ని కాలవెట్టింది. గివి దాసిన. ఇంట్ల ఉంచితె గీ పిల్లకు ఏమైతదోనని భయం. పారేద్దమంటె పాణమొప్పుతలేదు. నీ దాంతోని కలిపి పెట్టు అక్కా."

మూట తీసుకుని, రవికలోంచి మలుమలు ముక్క తీసి అందులోనే పెట్టాను. ఇద్దరం కలిసి ముడి వేశాం. ఇంటికి తెచ్చి ఆ మూటను నా పెట్టె అడుగున, మిగిలిన మలుమలు పక్కన పెట్టాను.

బిచ్చమ్మ బతికింది. నాకూ తర్వాత ఇద్దరు పుట్టారు, దక్కారు. కాపర్ల పల్లె వాళ్ళు రెండేళ్ళు మా అరుగు ఎక్కలేదు. లచ్చమ్మ ఒక్కతే వచ్చేది. ఏటా ఒకసారి, రవిక కొలతకని చెప్పి, పిల్లను వెంటబెట్టుకుని మూడు కోసులు నడిచి వచ్చేది. పిల్లను అరుగు మీద అత్తమ్మ దగ్గర కూర్చోబెట్టేది. నేను తలుపు దగ్గరికి వేసేదాన్ని. టేపు తీసేదాన్ని కాదు, పెట్టె తీసేదాన్ని.